బ్యాకప్ పాఠాలు – 4: రీస్టోర్ ఎక్కడికి?

పోయినసారి ‘మీ బ్యాకప్‌ను, అంటే దాచిన కాపీని, రీస్టోర్ చేసి (తిరిగి తెచ్చుకుని) చూసి రాయండి’ అన్నాను. వచ్చిన ఉత్తరాలు చదివాక, ఈ వారం చెప్పాలనుకున్న ఆటోమేటిక్ బ్యాకప్ పాఠాన్ని పక్కన పెట్టక తప్పలేదు.

మిర్యాలగూడలో బియ్యం మిల్లు లెక్కలు చూసే ఒకాయన శుక్రవారం తీసిన బ్యాకప్‌ను సోమవారం సాయంత్రం పాత చోటికే రీస్టోర్ చేశారు. శుక్రవారం దాకా ఉన్న లెక్కలు పైసా తేడా లేకుండా వచ్చాయి. ఆ తర్వాత ఎక్కించిన ధాన్యం కొనుగోళ్లు, లారీ కిరాయిలు మాత్రం తుడిచిపెట్టుకుపోయాయి. ‘ఉన్నదాని మీదే రాయమంటారా?’ అని సాఫ్ట్‌వేర్ అడిగింది. ఈయన చదవకుండా ‘యస్’ నొక్కారు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చెబుతాను. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండలేవు. పాతది వచ్చి కూర్చుంటే ఇవాళ్టిది లేచిపోవాల్సిందే. అందుకే పరీక్షకు ఎప్పుడూ ఖాళీ ఫోల్డర్ ఒకటి తెరిచి, అందులోకే రీస్టోర్ చేయండి. విండోస్‌తోనే వచ్చే బ్యాకప్ సాధనం ఫైల్ హిస్టరీలో కింద ఊరిస్తూ కనిపించే గుండ్రటి ఆకుపచ్చ బటన్ జోలికి పోవద్దు, అది మొదటి చోటికే పంపుతుంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ‘రీస్టోర్ టు’ ఎంచుకోండి. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో అయితే గమ్యం దారి, అంటే ఫైళ్లు చేరే ఫోల్డర్, మార్చండి. నేను ఆ ఫోల్డర్ పేరులోనే తేదీ కూడా రాసుకుంటాను.

మహబూబ్‌నగర్ డీటీపీ సెంటర్ వారిది మరో బాధ. కొత్త కంప్యూటర్‌లో పెళ్లిపత్రిక తెరిస్తే వధూవరుల పేర్లకు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు. ఫైలు చెడిపోలేదు. వారు వాడే అను తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి (అన్ని కంప్యూటర్లకూ తెలిసిన అక్షర పద్ధతివి) కావు, అవి లేని చోట తెలుగు కనిపించదు. మీరు బ్యాకప్ తీసింది డీ డ్రైవ్, ఫాంట్లు ఉన్నది సీ డ్రైవ్‌లో.

అసలు ఫోల్డర్‌కూ రీస్టోర్ చేసినదానికీ సైజు తేడా వస్తోందని రాసినవారు, ప్రాపర్టీస్‌లో ‘సైజ్ ఆన్ డిస్క్’ వదిలేసి ‘సైజ్’ చూడండి.

బ్యాకప్ ‘పూర్తయింది’ అని వచ్చింది కదా, ఇంకా అనుమానమెందుకని ఒకరు అడిగారు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్‌ను దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. చూస్తే రోజువారీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల విఫలమవుతూ ఉంది, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లూ చేరలేదు. ఒక ఇంజినీరు దాదాపు ఆరు గంటల ముందు పరీక్ష కోసం తీసుకున్న కాపీయే చివరికి ఆదుకుంది.

అభ్యాసం: మీది కాని కంప్యూటర్ అడిగి తీసుకోండి. మీ దాన్ని ఆపేయండి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా ఎక్కించి, బ్యాకప్ ఉన్న మీ హార్డ్ డిస్క్ నుంచి ఖాళీ ఫోల్డర్‌లోకి మొత్తం రీస్టోర్ చేయండి. బ్యాకప్ పాస్‌వర్డ్, మీరు ఆపేసిన ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోయిందంటే పరీక్ష తప్పినట్టే. అన్నిటికన్నా పెద్ద ఫైలు, అన్నిటికన్నా పాత ఫైలు తెరిచి చివరి పేజీ దాకా చూడండి. ఇంటర్నెట్ సెంటర్‌లో ఈ పని వద్దు. అరువు తెచ్చిన కంప్యూటర్ తిరిగి ఇచ్చే ముందు ఆ ఫోల్డర్ తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.