మెట్రోనిడజోల్ చేదును నేనెలా దాటానంటే

చిగుళ్లు వాస్తే డాక్టర్ మెట్రోనిడజోల్ 400 అనే యాంటీబయాటిక్ మాత్రలు రాశారు. పెద్దగా ఉందని మాత్రను విరిచాను. అదే పొరపాటు! పైపూత పోతే చేదంతా నాలుకకే.

మర్నాటి నుంచి అన్నం తిన్నాక, ముందు రెండు గుక్కలు చల్లటి నీళ్లు. నాలుక కాస్త మొద్దుబారుతుంది. వెంటనే మాత్ర, గ్లాసెడు నీళ్లు, ఒకటే గుటక. చప్పరిస్తే అయిపోయారన్నమాటే.

మింగినా నోట్లో ఇనప చెంచా నాకినట్టే ఉండేది. మందు రక్తంలోంచి లాలాజలంలోకి వస్తుంది, పుక్కిలిస్తే ఏం పోతుంది? చారులో నిమ్మకాయ ఎక్కువ పిండుకున్నాను, సోంపు నమిలాను. మా ఆవిడ చేసిన పప్పుకు వంకలు పెట్టి తిట్లూ తిన్నా.

చేదని కోర్సు మధ్యలో ఆపకండి. నెమ్మదిగా కరిగే రకం మాత్రల్ని నూరకండి, ముందు మెడికల్ షాపులో అడగండి. కోర్సయిన మూడో రోజుకి కాఫీ మళ్లీ కాఫీలా ఉంది.