పక్షవాతం తర్వాత చేప నూనె గోలీలు: కొనేముందు, మింగేముందు

డబ్బా మీద పెద్దగా కనిపించే 1000 మిల్లీగ్రాముల అంకెను పట్టించుకోకండి. అది నూనె మొత్తం బరువు. పనికొచ్చే ఒమేగా-3 కొవ్వు ఎంతుందో వెనకవైపు సన్నటి అక్షరాల్లో ఉంటుంది. మామూలు రకంలో ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 ఉంటాయి. ఇవి ఒమేగా-3లో రెండు రకాలు, కలిపితే 300 మిల్లీగ్రాములు. కొన్ని డబ్బాల మీద ఈ లెక్క రెండు గోలీలకు కలిపి రాస్తారు, అదీ చూసుకోండి. కాడ్ లివర్ ఆయిల్ అని ఉంటే అది వేరే సరుకు. చేప కాలేయం నుంచి తీసింది కాబట్టి అందులో విటమిన్ ఎ ఉంటుంది, ఎక్కువ మింగితే ఒంట్లో పేరుకుపోతుంది.

కొనేముందు డిశ్చార్జి చీటీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. వచ్చింది రక్తనాళం మూసుకుపోయిన పక్షవాతమా, చిట్లినదా అని అడగండి. చిట్లినదైతే డాక్టరు ఒప్పుకోనిదే ఒక్క గోలీ కూడా వద్దు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే గోలీలు వాడుతుంటే ఆ మాట తప్పక చెప్పండి. మొదలుపెట్టాక చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, విరేచనం నల్లగా అయినా చేప నూనె గోలీలు ఆపి చూపించుకోవాలి.

చాలామందికి తెలియని చిక్కు ఇంకొకటి ఉంది. మోతాదు పెరిగేకొద్దీ చేప నూనెతో గుండె లయ తప్పే జబ్బు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, వచ్చే అవకాశం పెరుగుతుంది. పక్షవాతానికి అదే ఒక పెద్ద కారణం. అందుకే వారానికోసారి బొటనవేలి వైపు మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, నిమిషం పాటు నాడి చూడండి. దెబ్బలు ఒక వరస లేకుండా పడుతుంటే ఈసీజీ తీయించాలి.

గుండెకు మేలెంత? 2018లో వచ్చిన వైటల్, అసెండ్ అనే రెండు పెద్ద పరిశోధనల్లో రోజూ 840 మిల్లీగ్రాముల ఒమేగా-3 ఇచ్చారు, అంటే మామూలు గోలీలు దాదాపు మూడు. గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల రాలేదు. అదే ఏడాది వచ్చిన రెడ్యూస్-ఇట్ అనే మరో పరిశోధనలో మాత్రం ఆ ముప్పు పాతిక శాతం తగ్గింది. కానీ అందులో చేరినవాళ్లు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ గోలీలు వాడుతూ, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు ఎక్కువున్నవాళ్లు. ఇచ్చింది రోజుకు 4 గ్రాముల శుద్ధి చేసిన ఈపీఏ, డాక్టరు చీటీ మీద వచ్చే మందు. షాపు గోలీలతో అంత ఈపీఏ అందుకోవాలంటే 22కు పైగా మింగాలి, ఆ పని చేయకండి. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువుంటే ముందు కల్లు, సారాయి మానాలి, పళ్లెంలో అన్నం తగ్గించాలి. నెలకు డబ్బులు చాలక ఏదో ఒకటే కొనాల్సి వస్తే బీపీ గోలీలే కొనండి.

ఇక మనసు సంగతి. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మంది కుంగుబాటులో పడతారు. రెండు వారాలకు పైగా ఎవరితో మాట్లాడక, నిద్రపట్టక, ఫిజియోథెరపీకి లేవనంటే అది మొండితనం కాదు, జబ్బు. కారణం లేకుండా ఏడుపో నవ్వో వచ్చి ఆగకపోవడం మరొక సమస్య, దానికి మందులు వేరు. చేప నూనెతో కుంగుబాటును ముందే ఆపలేమని 2021లో వైటల్ ఫలితాల్లోనే తేలింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగంలో చూపించండి. అంత దూరం కదల్లేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరు సరే అన్నాక గోలీని మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే వేయాలి. పరగడుపున వేస్తే చేప వాసన తేన్పులు వస్తాయి, ఒంటికి పట్టేదీ తక్కువే. నీళ్లు తాగుతుంటే దగ్గు వచ్చేవాళ్లకు, తాగాక గొంతు తడిగా గరగరలాడేవాళ్లకు ఈ లావుపాటి గోలీ ఇవ్వొద్దు. దాన్ని సూదితో పొడిచి నూనె నోట్లో పిండడం ఇంకా ప్రమాదం. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది.

మన ఎండాకాలంలో రేకుల ఇంట్లో గూట్లో పెట్టిన డబ్బా ఇట్టే పాడవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టండి. అనుమానం వస్తే ఒక గోలీ కోసి వాసన చూడండి. కొద్దిగా చేప వాసన ఉంటే పర్వాలేదు, పాత రంగు డబ్బా మూత తీసినట్టు ఘాటుగా కొడితే అన్నీ పారేయండి.

చేపలే తింటామంటే ఇంకా మంచిది. మృగశిర కార్తె నాడు ఒక్కరోజు తింటే చాలదు, వారానికి రెండుసార్లు తినాలి. సాగర్, డిండి, జూరాల నుంచి వచ్చే రవ్వ, బొచ్చెల్లో ఒమేగా-3 సముద్రపు కవళ్లు, కానాగంతల కన్నా బాగా తక్కువ. అయినా మటన్ బదులు తింటే మేలే. వేపుడు కాకుండా పులుసు పెట్టండి. ఉప్పు సగం తగ్గించి చింతపండుతో రుచి తెచ్చుకోవచ్చు. ఎండు చేపలు మాత్రం వద్దు. రోజంతా కలిపి 5 గ్రాములు దాటకూడని ఉప్పు వాటితో ఒక్క పూటలోనే దాటిపోతుంది. చేప ముట్టనివాళ్లకు అవిసె గింజలున్నాయి. గింజ గింజగానే తింటే అరగకుండా పోతుంది కాబట్టి వేయించి, ఉప్పు లేకుండా పొడి కొట్టి, రోజుకో చెంచా అన్నంలో కలపండి. అందులోని ఒమేగా-3 ఒంట్లో ఈపీఏగా మారేది కొద్దిగానే. పల్లీల్లో అయితే అదీ లేనట్టే, పాలమూరులో ఎన్ని పండినా సరే.