తోలుగుడ్లు పెడుతున్న కోళ్లకు సాయంత్రం ఆల్చిప్పలు

హనుమకొండలో మా పెరట్లో ఆరు కోళ్లున్నాయి. ఏప్రిల్ రాగానే గుడ్లు పట్టుకుంటేనే వేలి కింద సొట్ట పడేవి. రెండైతే పెంకే లేని తోలుగుడ్లు. మీకూ ఇలాగే ఉంటే ముందు మేత చూడండి. పెంకుకు కావలసిన కాల్షియం మొక్కజొన్న, నూకల్లో చాలా తక్కువ. గుడ్లు పెట్టే కోడికి రోజుకు సుమారు 4 గ్రాములు కావాలి.

పెంకు తయారవడానికి దాదాపు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రే. అందుకే కోళ్లు గూటికి చేరేముందు కాల్షియం నిండిన ఆల్చిప్పల ముక్కలు వేరే మూకుడులో పెట్టండి. మేతలో కలపవద్దు, కావలసిన కోడి కావలసినంత ఏరుకుంటుంది. మెత్తగా నూరవద్దు కూడా. పెసరగింజంత పలుకులైతే లోపల నిలిచి రాత్రంతా నెమ్మదిగా కరుగుతాయి. ఆల్చిప్పలు దొరక్కపోతే గుడ్డు పెంకులను కడిగి, పెనం మీద వేయించి నలిపి పెట్టండి. కోడిపిల్లలకు మాత్రం వద్దు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

మన వరంగల్ ఎండలకు కోడి నోరు తెరిచి రొప్పినా పెంకు పలచబడుతుంది. నీడ, మట్టికుండలో చల్లని నీళ్లు తప్పనిసరి. రెండు మూడు వారాల్లో గట్టిపడకపోతే పశువైద్యుడికి చూపించండి.