పేరు రాని స్ట్రింగ్ క్వార్టెట్లు వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

తిరుపతిలో కచేరీలు వింటూ పెరిగిన చెవికి పాశ్చాత్య స్ట్రింగ్ క్వార్టెట్ (నాలుగు తీగవాద్యాలకి రాసిన రచన) మొదట్లో కొంచెం అయోమయంగానే ఉంటుంది. అందులోనూ మొజార్ట్, బీథోవెన్‌లను వదిలేసి ఎప్పుడూ పేరు వినని వాళ్లవి వినమంటే ఎందుకొచ్చిన పని అనిపిస్తుంది. అయినా వినండి. పేరు రాకపోవడానికి కారణం చాలాసార్లు సంగీతంలో ఉండదు. చిన్న వయసులో పోయి ఉంటారు, ఆడవాళ్లు అయి ఉంటారు, లేదా రాసింది అచ్చు కాలేదు, అంతే. మన ఊరివాళ్లకి ఈ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు, అన్నమయ్య రాగిరేకులు కొండమీద వందల ఏళ్లు పడి ఉండి 1922లో కదా బయటికొచ్చింది.

ముందు ఒక్క మాట, ఫోన్ స్పీకర్లో పెట్టొద్దు. క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది, గొంతు ఇంకా కింద), ఒక చెల్లో (అన్నిటికంటే పెద్దది, అడుగు గొంతు). చెల్లో అడుగు తీగ సుమారు 65 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, చిన్న స్పీకర్ అంత కిందికి దిగలేదు, దాంతో నలుగురిలో ఒకరు దాదాపు మాయమైపోతారు. మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ చాలు. ఇల్లు అలిపిరి రోడ్డు వైపయితే బస్సుల హారన్లు తగ్గాక రాత్రిపూట వినండి, మెల్లగా సాగే భాగాలు పగలు చెవికి అందవు. షఫుల్, ఆటోప్లే ఆపేయండి. క్వార్టెట్‌లో మామూలుగా నాలుగు భాగాలుంటాయి, యాప్‌లో అవి నాలుగు వేరు వేరు ట్రాకులుగా కనిపిస్తాయి, వరస తప్పితే రాసినవాడి ఉద్దేశమే పోతుంది.

మొదలు ఆరియాగాతో పెట్టండి. హువాన్ క్రిసోస్తొమో దె ఆరియాగా 1806లో స్పెయిన్‌లోని బిల్బావోలో పుట్టి, 1826 జనవరిలో పారిస్‌లో చనిపోయాడు, ఇరవై నిండటానికి ఇంకా పది రోజులుంది. రాసినవి మూడే క్వార్టెట్లు, 1824లో అచ్చయ్యాయి. మూడోదాంట్లో రెండో భాగం, 'పాస్టొరాల్' అని ఉంటుంది, అది తీసుకోండి. ప్రశాంతంగా ఊగుతూ మొదలై, ఉన్నట్టుండి కమాన్లు తీగల మీద వణకడం మొదలుపెట్టి ఉరుములతో వానొస్తుంది, మళ్లీ తెరిపిస్తుంది. పద్దెనిమిదేళ్లయినా నిండని కుర్రాడి రాత అది, నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఆ ఒక్క భాగాన్నే మూడు నాలుగుసార్లు వినండి. మొదటిసారి ఊరికే వదిలేయండి. రెండోసారి మొదటి వయొలిన్‌ని పట్టించుకోకుండా కిందున్న చెల్లోని వెంబడించండి. ఆ తర్వాత వయోలాని, ఇదే కష్టం, ఎందుకంటే అది మధ్యలో ఇరుక్కుని ఉంటుంది, కానీ వయోలా దొరికిన రోజు నుంచి నాలుగు గొంతులూ విడివిడిగా వినిపిస్తాయి. మనవాళ్లకి ఎదురయ్యే అసలు ఇబ్బంది ఇంకోటుంది. మన చెవి తంబూరా షడ్జాన్ని పట్టుకుని కూర్చుంటుంది, ఇక్కడ తంబూరా లేదు సరికదా నడి మధ్యలో ఆధార షడ్జమే వేరే చోటికి జరిగిపోతుంది. గ్రహభేదం చేసినప్పుడు క్షణం సేపు కాళ్ల కింద నేల కదిలినట్టు ఉంటుంది చూశారా, ఆ అనుభవం ఇక్కడ మాటిమాటికీ వస్తుంది. అపశ్రుతి అనుకోకండి, ఎక్కడికి పోయి ఎలా తిరిగొస్తాడో చూడండి, రుచంతా అక్కడే. గమకాలు లేవని వెలితి పడేవాళ్లు ఎవరి తర్వాత ఎవరు అందుకుంటున్నారో గమనిస్తే ఆ వెలితి చాలావరకు తీరుతుంది.

తర్వాత జార్జ్ ఆన్‌స్లో, ఫ్రాన్స్ మనిషి. 1829లో వేటకెళ్లి పొరపాటున తూటా తగిలి ఒక చెవి వినికిడి పోగొట్టుకున్నాడు, ఆ నొప్పి, జ్వరం, కోలుకోవడం అన్నీ పదిహేనో క్వింటెట్‌లో పెట్టాడు. క్వింటెట్ అంటే ఐదుగురు. భాగాలకి పేర్లు కూడా అలాగే ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లకి దారి తప్పదు.

ఫానీ మెండెల్సొన్ క్వార్టెట్ మాత్రం తీరిగ్గా వినాల్సింది. 1834లో రాసింది, తమ్ముడు ఫెలిక్స్‌కి దాని నిర్మాణం నచ్చలేదు, అది అచ్చయింది 1988లో. చురుగ్గా మొదలవుతుందని ఎదురుచూడకండి, మొదటి భాగమే నెమ్మదిగా, తడుముకుంటూ వెళ్తుంది. ఆ తడుములాటే నాకు ప్రాణం. తమ్ముడు తప్పు పట్టింది కూడా ఇలాంటి స్వేచ్ఛనే.

ఏ రచననైనా ఒక్క రికార్డింగ్ విని తీర్పు చెప్పొద్దు. పేరు లేని రచనలకి ఉన్న రికార్డింగులే తక్కువ, వాటిలో కొన్ని హడావుడిగా వాయించినవి. ఇంకోటి దొరికితే అదీ వినండి. స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య స్వరలిపి) కాస్త వచ్చినవాళ్లకి ఆరియాగా, ఆన్‌స్లో స్కోర్లు, అంటే రచనల స్వరప్రతులు, ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ సైట్లో ఉచితంగా దొరుకుతాయి.

వైన్‌బెర్గ్‌ని చివరికి ఉంచుకోండి. వార్సాలో పుట్టి, నాజీల చేతిలో అమ్మానాన్నల్ని, చెల్లెల్ని పోగొట్టుకుని, 1953లో మాస్కోలో జైలుకెళ్లి, స్టాలిన్ పోయాక బయటపడ్డ మనిషి, 17 క్వార్టెట్లు రాశాడు. వరసగా వినాలని చూస్తే చెవి అలిసిపోతుంది. 1959 నాటి ఎనిమిదోది ఆగకుండా ఒకే భాగంగా సాగుతుంది, దాంతో మొదలుపెట్టి, ఆ రోజుకి ఇంకేమీ పెట్టకండి.