నాన్నకు చక్రాల కానుక – మూడో పాఠం: ముందు నేల, తర్వాత చక్రం

నాన్నకి స్కేట్‌బోర్డు, కిక్ స్కూటర్ (కాలితో నేలని తన్నుతూ నడిపేది), ఇన్‌లైన్ స్కేట్లు (ఒకే వరుసలో చక్రాలున్న బూట్లు), వీటిలో ఏది కానుకగా ఇవ్వాలో తేల్చుకోవడానికి కిందటి రెండు పాఠాల్లో ఒక కాగితం తయారు చేసుకున్నాం. అందులో నాన్నగారి పాదం పొడవు, బరువు, నడుము ఎత్తు, ఇదివరకు చక్రాల మీద తిరిగిన అలవాటు ఉందో లేదో రాసుకున్నాం. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. ఈసారి దానికి ఇంకో వివరం కలుపుతాం: ఆయన తిరగబోయే నేల ఎలాంటిది?

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మా నాన్న మా తమ్ముడి స్కేట్‌బోర్డు ఎక్కి వసారాలో అటూ ఇటూ తిరుగుతూ మురిసిపోవడం చూసి, ఆయనకే ఒకటి కొనిద్దామనుకున్నాను. మంచిదే కొన్నాను. ఏడు పొరల మేపుల్ చెక్క డెక్ (నిలబడే పలక), 52 మిల్లీమీటర్ల గట్టి చక్రాలు. మూడో రోజు ఇంటి ముందు రోడ్డు మీద శనగగింజంత రాయి అడ్డొచ్చింది. బోర్డు అక్కడే ఆగిపోయింది, ఆయన ఆగలేదు. అరచేతులు ఆనించి పడ్డారు. ఎముక విరగలేదు గానీ, మణికట్టుకి మూడు వారాలు కట్టు ఉంది. బోర్డులో ఏ లోపమూ లేదు. అది స్కేట్‌పార్కులోని నున్నటి కాంక్రీటు కోసం చేసిన బోర్డు. కంకర తేలిన రోడ్డు మీద తిరిగే మనిషికి దాన్ని ఇచ్చింది నేను.

ఆ రాయి లెక్క ఒకసారి వేసి చూడండి. 52 మిల్లీమీటర్ల చక్రానికి ఇరుసు నేల నుంచి 26 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. 8 మిల్లీమీటర్ల రాయి ఆ ఎత్తులో దాదాపు మూడో వంతు, అంటే చక్రానికి అది గోడ లాంటిది. అదే రాయి 200 మిల్లీమీటర్ల కిక్ స్కూటర్ చక్రానికి ఎదురైతే, ఇరుసు ఎత్తు 100 మిల్లీమీటర్లు కాబట్టి పదో వంతు కూడా కాదు. చిన్న కుదుపుతో దాటిపోతుంది. చక్రం పెద్దదయ్యేకొద్దీ నేల నున్నబడినట్టే లెక్క.

రెండోది మెత్తదనం. చక్రాల మీద 78ఏ, 85ఏ, 99ఏ అని ఉంటుంది. అది డ్యూరోమీటర్ కొలత. అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిది. గట్టి చక్రం నున్నటి నేల మీద వేగంగా పోతుంది, పక్కకి జారించడానికి వీలిస్తుంది. ట్రిక్కులు చేసేవాళ్లకి కావలసింది అదే. వాళ్లు సాధారణంగా 50 నుంచి 54 మిల్లీమీటర్ల సైజులో, 99ఏ దగ్గర ఉండేవి వాడతారు. గరుకు తారు రోడ్డు మీద అదే చక్రం పాదాల దగ్గర్నుంచి పళ్ల దాకా అదరగొడుతుంది. మెత్తటి చక్రం చిన్న రాయిని తనలోకి కొంచెం నొక్కుకుని దాటేస్తుంది. షికారుగా తిరగడానికి 60 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, 78ఏ నుంచి 85ఏ లోపు ఉన్నవి చూడండి. లాంగ్‌బోర్డుల మీద 70 మిల్లీమీటర్లవీ మామూలే.

ఇక్కడో జాగ్రత్త ఉంది. మామూలు బోర్డుకి పెద్ద చక్రాలు తగిలిస్తే, మలుపులో పక్కకి ఒరిగినప్పుడు చక్రం డెక్‌కి రాసుకుని టక్కున ఆగిపోతుంది. దీన్ని వీల్‌బైట్ అంటారు. ఇరుసుని డెక్ కింద పట్టి ఉంచే లోహపు భాగాన్ని ట్రక్కు అంటారు. ఆ ట్రక్కుకీ డెక్‌కీ మధ్య రైజర్ ప్యాడ్లు అనే బిళ్లలు వేస్తే చక్రానికీ డెక్‌కీ మధ్య ఎడం వస్తుంది. వాటికి తగ్గట్టు కొంచెం పొడవు బోల్టులు కూడా కావాలి. కానుక పెట్టెలో ఈ రెండూ మరిచిపోకండి.

నాన్నగారి దగ్గర ఇదివరకే ఒక బోర్డు ఉంటే కొత్తది కొనాలని తొందరపడకండి. నాలుగు మెత్తటి చక్రాలు, అవి పెద్దవైతే పైన చెప్పిన ప్యాడ్లు, బోల్టులు చాలు. పాత బేరింగులే వాటిలోకి ఎక్కుతాయి, ఎందుకంటే స్కేట్ బేరింగులన్నీ దాదాపు ఒకే కొలత. 608 రకం అంటారు: బయటి వ్యాసం 22, లోపలి రంధ్రం 8, మందం 7 మిల్లీమీటర్లు. చక్రానికి రెండు చొప్పున, నాలుగు చక్రాలకి ఎనిమిది.

వాటిని మార్చడం మీ చేత్తోనే నేర్చుకోండి. స్కేట్ టూల్‌తో ఇరుసు చివర నట్టు విప్పండి. చక్రాన్ని పూర్తిగా బయటికి లాగి, మళ్లీ ఇరుసు కొసకి సగం దాకా తగిలించండి. ఇరుసు కొస లోపలి వైపు బేరింగు అంచుకి ఆనుతుంది. ఇప్పుడు చక్రాన్ని డబ్బా మూత లేపినట్టు పక్కకి వంచుతూ లాగండి, బేరింగు టప్పున ఊడివస్తుంది. రెండో వైపూ అంతే. వేలిమీద పెట్టి తిప్పి చూడండి. గరగరలాడితే లోపల దుమ్ము చేరినట్టు, తిరగకపోతే తుప్పు పట్టినట్టు. తుప్పు పట్టినవి కడిగి తంటాలు పడటం కంటే కొత్తవి వేయడం మేలు. కొత్త చక్రంలోకి ఎక్కించేటప్పుడు బేరింగును ఇరుసు మీద ఉంచి, చక్రాన్ని దానిమీద తిన్నగా నొక్కండి. సుత్తి వాడొద్దు. నట్టు బిగించాక చక్రం ఇరుసు మీద వెంట్రుకవాసి కదిలేటంత వదులు ఉంచాలి. మరీ బిగిస్తే తిరగదు.

మా నాన్న కోసం చివరికి నేను చేసింది ఇదే. ఆ బోర్డే, చక్రాలు మాత్రం వేరు. మొదటి రోజు ఇంటి ముందు ఒక చుట్టు తిరిగొచ్చి, "చప్పుడే లేదురా" అన్నారు.

ఇక కిక్ స్కూటర్. ఎప్పుడూ చక్రాలెక్కని నాన్నకి నా ఓటు దీనికే. పట్టుకోవడానికి హ్యాండిల్ ఉంటుంది, నచ్చనప్పుడు దిగిపోవచ్చు. చక్రం 200 మిల్లీమీటర్లకి తగ్గనివ్వకండి. ఎక్కువమంది చూడనిది పాదం పెట్టే పలక ఎత్తు. నేలని తన్నిన ప్రతిసారీ, పలక మీద నిలబడ్డ కాలు మోకాలి దగ్గర ఆ ఎత్తు మేరకు వంగాల్సిందే. కిలోమీటరు పోయేసరికి అది వందల సార్లు అవుతుంది. అందుకని పలక ఎంత కిందికుంటే అంత మంచిది. కాళ్లు మార్చి మార్చి తన్నడం మొదటి రోజు నుంచే అలవాటు చేయించండి. హ్యాండిల్ నడుము ఎత్తుకి వచ్చి, మోచేతులు కొంచెం వంగి ఉండాలి. మీ కాగితం మీది నడుము కొలత ఇక్కడ పనికొస్తుంది. గాలి టైర్లు కుదుపుని బాగా మింగుతాయి గానీ గాలి కొట్టుకోవాలి, పంక్చర్లుంటాయి. ఆయన అలాంటి పనులు ఇష్టంగా చేసుకునే మనిషైతే అవే కొనండి. కరెంటు స్కూటర్ల సంగతి వేరు. ఎక్కడ నడపొచ్చు అన్న రూల్స్ చోటుని బట్టి మారతాయి కాబట్టి, అవి చదవకుండా కొనకండి.

"ఈ వయసులో ఎందుకు" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున స్కేట్‌బోర్డింగ్ పార్క్ పోటీలో దిగిన ఆండీ మెక్‌డొనాల్డ్‌కి అప్పటికి 51 ఏళ్లు. అదే పోటీలో దక్షిణాఫ్రికా ఆటగాడు డల్లాస్ ఒబర్‌హోల్జర్‌కి 49. వాళ్లు దశాబ్దాలుగా ఆడుతున్నవాళ్లు, నిజమే. మన నాన్నలు గాల్లోకి లేవక్కర్లేదు, సాయంత్రం ఒక చుట్టు తిరిగొస్తే చాలు. కానీ వయసు ఒక్కటే అడ్డంకి కాదని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు.

పడటం మాత్రం ఖాయం. పడేటప్పుడు చేతులు ముందుకి రావడం మన అదుపులో ఉండదు, అందుకే మణికట్టు దెబ్బలు ఎక్కువ. స్కేట్‌బోర్డు ఇచ్చినా, ఇన్‌లైన్ స్కేట్లు ఇచ్చినా హెల్మెట్‌తో పాటు రిస్ట్ గార్డులు అదే పెట్టెలో పెట్టండి. విడిగా తర్వాత ఇద్దామనుకుంటే ఆ తర్వాత రాదు. హెల్మెట్ కోసం కనుబొమ్మలకి కొంచెం పైన టేపు చుట్టి కొలవండి. తల అటూ ఇటూ ఊపినప్పుడు హెల్మెట్ కూడా తలతోనే కదలాలి.

అభ్యాసం

నాన్నగారితో కలిసి ఆయన రోజూ వెళ్లే దారిలో నడవండి. తారు గరుకుగా ఉందా, పలకల మధ్య సందులు ఎంత వెడల్పు, ఇసుక ఎక్కడ పేరుకుంది, వాలు ఎక్కడుంది, అన్నీ రాయండి. తర్వాత ఈ రెండు లెక్కలు చేయండి.

ఒకటి: ఆయన బరువు 94 కిలోలు, దారంతా పేవ్‌మెంటు పలకలు, భుజాన సంచి ఉంటుంది. నచ్చిన స్కూటర్ మీద 100 కిలోల పరిమితి అని ఉంది. కొనొచ్చా? వద్దు. సంచి, హెల్మెట్, బూట్లు కలిస్తే ఆ అంకె దాటిపోతుంది. ఇంకా పెద్ద పరిమితి ఉన్నది వెతకాలి.

రెండోది మీకే వదిలేస్తున్నాను: ఆయన దగ్గర 54 మిల్లీమీటర్ల, 99ఏ చక్రాలున్న పాత బోర్డు ఉంది. ఇంటి దగ్గర గరుకు తారు. కొత్త బోర్డు కొనకుండా పెట్టెలో ఏమేం పెడతారు? కనీసం మూడు వస్తువులు రాయండి.

నాలుగో పాఠంలో ఇన్‌లైన్ స్కేట్ల బూటు ఎంచుకోవడం. అక్కడ చెప్పుల నంబరు పనికిరాదు, మిల్లీమీటర్లే కావాలి. పాదాలు కొంచెం ఉబ్బి ఉండే సాయంత్రం వేళ, మేజోళ్లతో నిలబెట్టి, రెండు పాదాలూ మళ్లీ కొలిచి ఉంచండి.