నెట్‌లో తెలుగులో వెతికితే ఏమీ దొరకట్లేదా?

కడపలో ప్రాజెక్టులు, థీసిస్‌లు రాసే పిల్లలు ఎక్కువగా చెప్పే మాట ఒకటే: "సార్, గండికోట మీద నెట్‌లో టూరిజం పేజీలు తప్ప ఏమీ లేవు." ఉంటాయి. మీ వెతుకులాటకు చిక్కలేదంతే.

ముందు సెర్చ్ బాక్స్ చూడండి. ఇందాకటి కొటేషన్ గుర్తులు అందులోనే మిగిలిపోయాయా? అవి ఉంటే అచ్చం ఆ మాటలే వెతుకుతుంది. గూగుల్ టూల్స్‌లో తేదీ "గత ఏడాది" దగ్గర ఆగి ఉందా? అర నిమిషం పని. దయచేసి ఇది చూడకుండా "లేదు" అని రాసేయకండి.

సమస్య: ఇంగ్లీషులో వెతికితే కొత్త వార్తలే వస్తాయి, పాత రికార్డులు రావు.
కారణం పాత స్పెల్లింగ్. 2005 దాకా కడప అధికారికంగా సీ, యూ, డబుల్ డీ, ఏ, పీ, ఏ, హెచ్. 1875లో ఇంగ్లీషు అధికారి గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్ కావాలంటే ఆ స్పెల్లింగుతోనే వెతకాలి. పెన్నను "పెన్నార్" అని కొట్టండి. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది, అంతకుముందు సంగతులు బళ్లారి పేరు కింద ఉంటాయి.

సమస్య: కర్నూలు జిల్లా లెక్కలు రెండు చోట్ల రెండు రకాలు.
ఏ ఏడాదివో చూడండి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల విడిపోయింది. పాత లెక్కలో అదీ కలిసి ఉంటుంది.

సమస్య: పుస్తకం నెట్‌లో ఉందని తెలుసు, తెలుగులో కొడితే మాత్రం రాదు.
అందరినీ ముంచేది ఇదే. అను లాంటి పాత డీటీపీ ఫాంట్లతో టైప్ చేసిన పీడీఎఫ్‌లో కంటికి "గండికోట" అనే కనబడుతుంది. కంప్యూటర్ దగ్గర మాత్రం అక్కడ ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటు. మీరు యూనికోడ్ తెలుగులో, అంటే ఫోన్లలో, నెట్‌లో అందరూ వాడే తెలుగులో వెతుకుతారు, అక్కడ ఆ అక్షరాలే లేవు, ఇక ఎట్లా దొరుకుతుంది? పైన వచ్చే ఏఐ జవాబు "సమాచారం లేదు" అన్నా నమ్మకండి. అదీ తను చదవగలిగిన పేజీల నుంచే చెబుతుంది.

తేల్చుకోవడం తేలిక. పీడీఎఫ్‌లో ఒక లైన్ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగే వస్తే ఫైలు బాగానే ఉంది. గజిబిజి గుర్తులు వస్తే ఎక్కువగా ఫాంటు గొడవే. లైన్ సెలెక్టే కాకపోతే అది స్కాన్, అంటే ఫొటో.

ఫాంటు గొడవైతే, పేజీలో కనబడే "గండికోట" మాటనే కాపీ చేసి, వచ్చిన గజిబిజిని అట్లాగే కంట్రోల్ ఎఫ్‌లో పేస్ట్ చేయండి. ఆ ఫైల్లో గండికోట ఉన్న చోట్లు చాలావరకు వరసగా దొరుకుతాయి. మూడొందల పేజీలు తిరగేసే బాధ తప్పుతుంది. ఫైల్లోని రాతంతా కావాలంటే నెట్‌లో అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తులు మాత్రం సరిచూసుకోండి.

స్కాన్ అయితే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరవండి, తెలుగు అక్షరాలుగా మారుస్తుంది. పెద్ద పుస్తకం ఒకేసారి వేయకండి, కావాల్సిన పేజీలు విడదీసి వేయండి. మ, వు తారుమారవుతాయి. సంవత్సరాలు, అంకెలు అసలు పేజీతో పోల్చాకే థీసిస్‌లోకి ఎక్కించండి.

అసలు ఫైలే ఇంకా దొరకలేదా? పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాలుగా కొట్టండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీలోని చాలా తెలుగు పుస్తకాలకు పేర్లు అట్లాగే ఉన్నాయి, అదీ ఎవరికి తోచిన స్పెల్లింగులో. పేరుతో కుదరకపోతే రచయిత ఇంటిపేరుతో ప్రయత్నించండి.

బ్రౌజర్ కాష్, సేఫ్ సెర్చ్ వల్ల తెలుగు పుస్తకం కనబడకపోవడం చాలా అరుదు. వాటి జోలికి చివర్న వెళ్లండి.