కారులోంచి దించిన సైకిల్‌కి బ్రేకు పట్టేస్తోందా? సమస్య - పరిష్కారం

ఒడిశా పండగ రజ సంక్రాంతి సెలవు వచ్చిందంటే బరంపురంలో పొద్దున్నే ఎవరో ఒకరు "పదండి, రంభ పోయొద్దాం" అంటారు. కారు వెనక సీటు మడిచి, సైకిళ్ల ముందు చక్రాలు ఊడదీసి, అన్నీ లోపలికి తోసేసి హైవే ఎక్కేస్తారు. రంభలో చిలికా సరస్సు ఒడ్డున దించి చక్రాలు బిగించాక మొదలవుతుంది తంటా. చక్రం తిరగదు, లేదా తిరిగినంతసేపూ బ్రేకు రాసుకుంటుంది. పండగ పూట సైకిల్ షాపు తెరిచి ఉండదు. అప్పుడు చాలామంది చేసే మొదటి పని ఆలెన్ కీ తీసి క్యాలిపర్ (చక్రానికున్న డిస్కుని రెండు ప్యాడ్లతో నొక్కి ఆపే భాగం) బోల్టులు విప్పడం. దయచేసి ఆ పని చివరికి ఉంచండి. బయల్దేరినప్పుడు బాగున్న క్యాలిపర్ గంటలో దానంతటది జరగదు.

సమస్య: చక్రం తిరిగినంతసేపూ ఒకేలా రాసుకుంటోంది

కారణం: ఇరుసు ఫోర్కులో పూర్తిగా కూర్చోలేదు. సైకిల్‌ని తలకిందులు చేసో, పక్కకి ఒరిగించో బిగిస్తే ఇలాగే అవుతుంది. డిస్కుకీ ప్యాడుకీ మధ్య ఖాళీ మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి ఇరుసు వెంట్రుకవాసి వంకరైనా చాలు.

పరిష్కారం: సైకిల్‌ని నేల మీద నిటారుగా నిలబెట్టండి. క్విక్ రిలీజ్ (ఇరుసుని చేత్తో బిగించే లివరు) వదులు చేసి, హ్యాండిల్ మీద రెండు చేతులతో బరువు వేసి, అలాగే ఉంచి బిగించండి. లివరు మూసేటప్పుడు అరచేతిలో అచ్చు పడాలి. సులువుగా మూసుకుందంటే బిగువు చాలలేదనే అర్థం, ఆ చక్రంతో కదలొద్దు. క్విక్ రిలీజ్ కడ్డీ మొత్తం బయటికి తీసి ఉంటే దాని రెండు చిన్న స్ప్రింగులు కూడా చూడండి. సన్నటి కొస లోపలికి, హబ్బు వైపు ఉండాలి. తిరగేసి పెడితే ఎంత బిగించినా ఇరుసు కూర్చోదు.

నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తీరిపోతాయి.

సమస్య: చక్రం లోపలికే దూరడం లేదు, దూరినా గట్టిగా పట్టేసింది

కారణం: చక్రం తీసి ఉన్నప్పుడు బ్రేకు లివరు నొక్కుకుపోయింది.

ఇది హైడ్రాలిక్ (గొట్టంలో నూనెతో పనిచేసే) డిస్కు బ్రేకులకి వచ్చేది. వైరుతో పనిచేసేదైతే ఈ భాగం వదిలేయండి. "నేనేం నొక్కలేదండీ" అంటారు అందరూ. నిజమే, మనిషి నొక్కడు. పడుకోబెట్టిన సైకిల్ హ్యాండిల్‌కి ఆనించి నీళ్ల క్యాను, దాని పక్కన టిఫిన్ సంచీ పెడతారు. హైవే మీద ఏమీ కాదు. ఊళ్లోకి తిరిగాక ఒక్కో స్పీడు బ్రేకరుకీ ఆ క్యాను లివరు మీదకి ఒరుగుతుంది.

మామూలుగా లివరు వదలగానే, ప్యాడుని డిస్కు మీదకి తోసే పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు దాన్ని కొద్దిగా వెనక్కి లాగుతుంది. మధ్యలో డిస్కు లేనప్పుడు ప్యాడ్లని ఆపేది ఏదీ ఉండదు. పిస్టన్ సీలులో జారి ముందుకి వచ్చేస్తుంది. అంత దూరం వెనక్కి లాగే శక్తి సీలుకి లేదు. ప్యాడ్లు అరిగేకొద్దీ ఖాళీ దానంతటదే సర్దుకోవడానికి చేసిన ఏర్పాటే ఇక్కడ మనకి అడ్డం తిరుగుతుంది.

మోసం ఎక్కడంటే, లివరు కొంచెమే నొక్కుకుంటే చక్రం దూరుతుంది, రాసుకుంటుంది, చూడ్డానికి పై సమస్యలాగే ఉంటుంది. జనం క్యాలిపర్ జరుపుతారు, గంటసేపు కుస్తీ పడతారు. తేల్చుకోవడం ఇలా: క్యాలిపర్ వెనక తెల్ల కాగితం పట్టి ముందు నుంచి సందులోకి చూడండి. డిస్కుకి ఒక పక్కే వెలుతురు కనిపిస్తే చక్రం కూర్చోవడంలో తేడా. రెండు పక్కలా కనిపించకపోతే పిస్టన్లు ముందుకొచ్చాయి.

పరిష్కారం: చక్రం తీసి, ప్యాడ్ల మధ్య టైరు ఊడదీసే ప్లాస్టిక్ లివరు దూర్చి, నెమ్మదిగా ఒకసారి ఇటు, ఒకసారి అటు తోయండి. ప్యాడ్లు పూర్తిగా వెనక్కి పోవాలి. ప్యాడ్లు తీసేసి స్క్రూడ్రైవరుతో పిస్టన్‌ని నేరుగా తోయొద్దు, కొన్ని పిస్టన్లు సిరామిక్‌వి, పగులుతాయి. ప్యాడు ముఖం మీద వేలు పెట్టొద్దు, జిడ్డు అంటితే బ్రేకు పట్టదు. చక్రం పెట్టి బిగించాక లివరు గట్టిపడేదాకా నొక్కండి. అప్పటికీ ఒక పక్క రాసుకుంటుంటే, ఇప్పుడు తీయండి ఆలెన్ కీ: క్యాలిపర్ బోల్టులు రెండూ కాస్త వదులు చేసి, లివరు నొక్కి పట్టుకుని, ఒకటి మార్చి ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే చక్రం తీయగానే ప్యాడ్ల మధ్య అట్టముక్క మడిచి పెట్టండి. బిస్కెట్ డబ్బా అట్ట చాలు.

సమస్య: చక్రం చుట్టుకి ఒక్కసారి "ష్" అంటోంది

డిస్కు వంగింది. ఊడదీసిన చక్రాన్ని డిస్కు కిందికి వచ్చేలా పడుకోబెట్టి ఉంటారు, లేదా రెండో సైకిల్ పెడలు దాని మీద ఆనింది. వంగిన చోటు గుర్తుపట్టి, శుభ్రమైన గుడ్డతో పట్టుకుని కొద్దికొద్దిగా సరిచేయండి.

సమస్య: లివరు మెత్తగా లోపలికి పోతోంది

సైకిల్ తలకిందులుగా ప్రయాణం చేస్తే హైడ్రాలిక్ బ్రేకు నూనెలో ఉన్న గాలి బుడగ క్యాలిపర్ వైపు చేరుతుంది. నిటారుగా నిలబెట్టి నిదానంగా పలుమార్లు నొక్కండి. గట్టిపడకపోతే బ్లీడింగ్ (నూనెలోంచి గాలి తీయడం) చేయించాల్సిందే. అలాంటి బ్రేకుతో తప్తపాణి వైపు ఘాట్ రోడ్డులో దిగొద్దు, ఎంత దూరం వచ్చినా సరే.

రిమ్ము బ్రేకు (డిస్కు బదులు చక్రం అంచుని పట్టేది) ఉన్నవాళ్లు చక్రం తీసేటప్పుడు విప్పిన వైరు మళ్లీ తగిలించారో లేదో చూసుకోండి. హబ్బు బేరింగులు పోవడం, ఇరుసు వంగడం లాంటివి చాలా అరుదు. పైవన్నీ చూశాక కూడా తేడా ఉంటే సైకిల్‌ని తిరిగి కారులో పెట్టేసి, షాపు తెరిచిన రోజు చూపించండి.